జీవమణి రెండో సాక్ష్యం

పాలు తేవడం రోషన్ పనిగా ఉండేది. తెల్లవారుతుండగా లేచి, కాళ్ళకు ఏ చెప్పులు దొరికితే అవి తగిలించుకుని గల్లీ చివరి బూత్‌కు వెళ్ళేవాడు. ఒక్కోరోజు ఒక చెప్పు తనది, ఇంకో చెప్పు వాళ్ళ నాన్నది. వచ్చేటప్పుడు పాల ప్యాకెట్‌ను గాలిలోకి ఎగరేసి పట్టుకుంటూ వచ్చేవాడు. గేటు ముందు ఊడుస్తున్న జీవమణి చీపురు ఎత్తి చూపించి, "ఒరేయ్, అది పగిలిందంటే నీ వీపు పగుల్తుంది" అనేది. "పగలదే అమ్మా, క్యాచ్ చూడు" అని వాడు ఇంకా ఎత్తుకు విసిరేవాడు. ఏనాడూ జారవిడవలేదు.

ఇప్పుడు పాలకు జీవమణే వెళ్తోంది. రోడ్డు మధ్యన నడవదు. కాంపౌండు గోడలకు ఒక భుజం రాసుకుంటూ, అడుగు వేసే ముందు వెనక్కి చూసుకుంటూ పోతుంది. వెనక ఇంజను మోత వినబడితే చాలు, గోడకు అతుక్కుపోతుంది. ఒకరోజు అలాగే అతుక్కుని చేతిలో ఉన్నదాన్ని గుండెకు అదుముకుంది. ఆ ఒత్తిడికి ప్యాకెట్ చిట్లి చీరంతా పాలతో తడిసింది. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు రాజేసుకుంటున్న రాజనర్సయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందక్కా? గా ఎర్ర కారే గదా! తగిలిందా?"

"తగల్లేదు తమ్ముడూ. నాకెందుకు తగుల్తుంది?" అంది జీవమణి, చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ.

బాపట్ల నుంచి పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు ఈ గల్లీయే ఊరు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోయే పెద్ద రోడ్డుకు వెనకపాటున, రెండు కార్లు ఒకేసారి పట్టని సందు అది. భర్త శాంతిరాజు బోర్డులు రాసేవాడు. కంప్యూటర్ క్లాసులు పుట్టగొడుగుల్లా లేచిన రోజుల్లో అమీర్‌పేటలో సగం గోడలు ఆయన చేతి రాతే. తర్వాత ఫ్లెక్సీలు వచ్చి ఆయన బ్రష్షులు ఎండిపోయాయి. "నేను రాసిన బోర్డు కిందే నా కొడుకు కూర్చుని జావా నేర్చుకుంటున్నాడు" అని మాత్రం కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. రోషన్ తర్వాత ఒలీవియా. ఇంటర్ చదువుతోంది.

పంజాగుట్టలో ఫ్లైఓవర్ కట్టడం మొదలుపెట్టాక గల్లీకి కష్టం వచ్చింది. అక్కడ దారి మూసుకుపోయేసరికి ఇక్కడ దారి ఉందని అందరికీ తెలిసిపోయింది. ఆటోలు, బైకులు సరే, అవి తిట్టుకుంటూనో తిట్టించుకుంటూనో పోతాయి. రాత్రి డ్యూటీలు దిగి వచ్చే కుర్రాళ్ళ కార్లతోనే చావు వచ్చింది. సందు ఖాళీగా ఉంటుంది కదా అని తెల్లవారుజామున తొక్కుకుంటూ వచ్చేవాళ్ళు. అందులో అందరికంటే పెద్ద మోత ఎర్ర కారుది. నేలను నాకుతున్నట్టుండేది. సైలెన్సర్ ఏదో చేయించాడట, అది వస్తుంటే వంటింట్లో స్టీలు గిన్నెలు గణగణలాడేవి. మేడ మీద ఆరేసిన తెల్లబట్టల మీద నల్లటి నుసి రాలేది. ఆ కారు రవికాంత్‌ది. హైటెక్ సిటీలో ఉద్యోగం. వాళ్ళ నాన్న కృష్ణమోహన్ ఫ్లాట్లు అమ్మే మనిషి, కాలనీ సంఘానికి ప్రెసిడెంటు. జీవమణి ఇంటికి నాలుగిళ్ళ అవతలే వాళ్ళ ఇల్లు.

ఆ కారే రోషన్‌ను గుద్దింది. చీపురు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ జీవమణి తప్ప చూసినవాళ్ళు లేరు.

అందుకే మర్నాడు స్టేషన్‌కు పిలిపించారు. కళ్ళు వాచిపోయి, తిండి లేక తూలిపోతున్న మనిషిని బల్ల ముందు నిలబెట్టి, రాసుకునే కానిస్టేబుల్ పెన్ను తీసి, "ఊఁ, సాక్ష్యం చెప్పమ్మా" అన్నాడు.

ఆ ఒక్కమాట దగ్గరే దెబ్బ తగిలింది. సాక్ష్యం అంటే జీవమణికి తెలిసింది ఒక్కటే. చర్చిలో స్త్రీల కూడికలో లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని దేవుడు తనకు చేసిన మేళ్ళు చెప్పుకోవడం. పెళ్ళికి ముందు నుంచీ చెప్తోంది. ఎంత ఏడుపు వచ్చినా కృతజ్ఞతతో మొదలుపెట్టాలి, ఎవరి మీదా కోపం లేదని ముగించాలి. అది ఆమెకు ఊపిరి పీల్చినంత అలవాటు. ఒళ్ళు తెలియని ఆ స్థితిలో ఆ మాట చెవిన పడగానే కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. "దేవుని మహాకృప వల్ల నా కొడుకుని ఇన్నేళ్ళు పెంచుకున్నాను. ఆయన బిడ్డను ఆయన పిలుచుకున్నాడు. ఇదంతా దేవుని చిత్తం, మనుషుల తప్పు కాదు. నేను అందరినీ క్షమించాను. ఈ నా చిన్న సాక్ష్యాన్ని దేవుడు దీవించును గాక."

కానిస్టేబుల్ పెన్ను పట్టుకుని కాసేపు ఆమె వంక చూశాడు. ఆ తర్వాత రాసుకోవాల్సిన ముక్క రాసుకున్నాడు. మనుషుల తప్పు కాదు. సంతకం పెట్టించుకుని పంపేశాడు. ఆ ఆదివారం పాస్టర్‌గారు చర్చిలో "మన సహోదరి ఎంత గొప్ప సాక్ష్యం ఇచ్చిందో" అని చెప్పారు. ఆడవాళ్ళందరూ వచ్చి కౌగిలించుకున్నారు. తను ఏం చేసి వచ్చిందో అప్పటికీ ఆమెకు తెలియదు.

కారు తిరిగి వచ్చిన రోజున తెలిసింది.

కొత్త లైటు, కొత్త అద్దం వేయించుకుని వచ్చింది. వాళ్ళింటి ముందు జాగా లేదేమో, సరిగ్గా జీవమణి గేటు ఎదురుగా నిలబెట్టి పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నడిపించారు. అవి ఫట్ ఫట్‌మని చితికాయి. పనివాడొకడు బూడిద గుమ్మడికాయను తలపైకెత్తి నేలకేసి కొట్టాడు. లోపల కూరిన కుంకం నీళ్ళు రోడ్డంతా చిమ్మాయి. రోషన్ తల పగిలిన చోటే. కిటికీలోంచి చూసిన ఒలీవియా అక్కడికక్కడే వాంతి చేసుకుంది. శాంతిరాజు గడప మీద కూర్చుని రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక జీవమణి చీపురు తీసుకుని ఆ ఎర్రటి ముక్కలన్నీ ఎత్తింది. గేటు ముందు ఆకు ముక్క ఉన్నా ఊరుకోలేని మనిషి ఆమె. ఎత్తుతుంటే రాజనర్సయ్య వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, కోపం తెచ్చుకోకు. నువ్వే టేషన్ల రాసిచ్చినవంట గదా, పోరని తప్పు లేదని? గల్లీ అంత గదే చెప్తుండ్రు."

"నేనా? నేను సాక్ష్యం చెప్పాను తమ్ముడూ."

"గదే అక్కా. గదే సాక్ష్యం."

చేతిలో ఉన్న గుమ్మడి ముక్కను ఆమె పిడికిట్లో నలిపేసింది. వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి రసం కారింది.

మర్నాడే స్టేషన్‌కు పరుగెత్తింది. "ఒకసారి చెప్పిన సాక్ష్యం మార్చకూడదమ్మా. మారిస్తే అబద్ధం చెప్పావని నీ మీదే కేసవుద్ది" అని అదే కానిస్టేబుల్ తలెత్తకుండా అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు గల్లీ కుక్క చచ్చింది. అందరి ఇళ్ళలో తిని అందరి గడపల్లో పడుకునే ముసలి కుక్క. ఎర్ర కారూ, దాని వెనక ఇంకో నల్ల కారూ పందెం వేసుకుని వస్తూ దాన్ని నలిపేశాయి. పేగులు బయటపడి కూడా అది చాలాసేపు కాళ్ళు కొట్టుకుంది. జీవమణి ఇంటి పైవాటాలో ఉండే కమలకుమారి టీచరుగారు ఆ అరుపులు వినలేక కిందికి దిగి వచ్చారు. ఆవిడ రిటైరయ్యాక ఆయాసం మందు పీల్చుకుంటూ బతుకుతున్న మనిషి. దాని పక్కన కూర్చుని ప్రాణం పోయేదాకా తల నిమిరి, లేచి నేరుగా కృష్ణమోహన్ ఇంటి తలుపు కొట్టారు. "మీటింగు పెట్టండి. పెట్టకపోతే ఈ కుక్కను తెచ్చి మీ సోఫాలో పడుకోబెడతాను."

మీటింగు పెట్టారు. గల్లీలో ఉన్న అపార్టుమెంటు కింద కార్లు పెట్టుకునే జాగాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. జీవమణి ఏనాడూ అలాంటి వాటికి వెళ్ళలేదు. ఆ రోజు ముందు వరసలో కూర్చుంది. ఆమెకు కావలసింది ఒక్కటే. ఒలీవియా రోజూ ఆ రోడ్డు దాటి కాలేజీకి వెళ్ళి రావాలి. అంతే.

కమలకుమారిగారు లేచి చెప్పారు. "గల్లీ రెండు కొసలా పెద్ద స్పీడ్ బ్రేకర్లు వేయాలి. ఇలాంటి పందెం కార్లు పెద్ద రోడ్డు మీదే పెట్టుకుని నడిచి రావాలి. మోత ఒక్కటే కాదు, ఆ పొగకు నా ఊపిరితిత్తులు బొగ్గు బస్తాలైపోయాయి. మీ పిల్లలవీ అవుతాయి."

"అయితే ఎడ్లబండ్లు కొనుక్కుందామా టీచరుగారూ?" అని వెనక రవికాంత్‌తో పాటు నిలబడ్డ స్నేహితుడొకడు అన్నాడు. నవ్వులు.

"కొనుక్కో నాయనా. ఎద్దుకి బ్రేకు ఉండదు కానీ మనిషి అడ్డమొస్తే ఆగుతుంది."

ఈసారి నవ్వులు ఇటు వచ్చాయి. కృష్ణమోహన్ నవ్వలేదు. పెద్దమనిషిలా చెయ్యెత్తి ఆపాడు.

"ఏంటమ్మా ఇది? ఊరు పెరుగుతోంది, పిల్లలకు మంచి జీతాలొస్తున్నాయి, కారు కొనుక్కుంటారు. కొన్నాక నెత్తిన పెట్టుకుని మోస్తారా? స్పీడ్ బ్రేకర్లు వేస్తే అంబులెన్సు ఎలా వస్తుంది, చెప్పండి?"

"సార్, గా కార్లు లేకుంటె అంబులెన్స్ తోని పనేముంది?" అన్నాడు రాజనర్సయ్య, కుర్చీ దొరక్క స్తంభానికి ఆనుకుని.

"నువ్వు ఉండవయ్యా. ఇది ఇళ్ళున్న వాళ్ళ మీటింగు." కృష్ణమోహన్ జీవమణి వైపు తిరిగి గొంతు మెత్తగా చేశాడు. "జరిగిందానికి నాకూ బాధే. కానీ జీవమణమ్మగారే స్టేషన్‌లో సాక్ష్యం చెప్పారు, మనుషుల తప్పు కాదని. ఆవిడకే లేని బాధ మీకెందుకో నాకర్థం కావట్లేదు."

జీవమణి లేచి నిలబడింది. అలవాటు కొద్దీ చేతులు కట్టుకోబోయి విప్పేసింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"అది దేవుడికి చెప్పుకునే సాక్ష్యం. నాకు తెలియక అక్కడ చెప్పాను. ఇప్పుడు మీరడిగే సాక్ష్యం చెప్తాను, వినండి" అంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని గొంతు. జనం చెవులు రిక్కించారు.

"నేను ఊడుస్తున్నాను. వాడు పాల ప్యాకెట్ ఎగరేశాడు. అది కిందికి రాలేదు, కారు వచ్చింది. మోకాళ్ళ కింద కొట్టింది. కట్టె విరిగినట్టు చప్పుడైంది. వాడు అద్దం మీద పడి, కారు పైనుంచి దొర్లి, తల నేలకేసి పడ్డాడు. నేను వెళ్ళేసరికి ఒక కాలు వెనక్కి తిరిగిపోయి ఉంది. తల కింద చెయ్యి పెట్టాను. నా వేళ్ళు లోపలికి పోయాయి. పాలూ నెత్తురూ కలిసి నా చీపురు దాకా వచ్చాయి. అప్పుడు ఈ అబ్బాయి కారు దిగాడు. దిగి ముందు లైటు చూసుకున్నాడు. వంగి, వేలు పెట్టి చూసుకున్నాడు, ఎంత పగిలిందా అని. ఆ తర్వాత నా కొడుకుని చూశాడు. ఇదీ సాక్ష్యం. ఇది మనిషి తప్పు."

వెనక నిలబడ్డ రవికాంత్ ముఖం కందిపోయింది. "వాడు రోడ్డు మధ్యలో ఆడుకుంటూ వస్తే నేనేం చెయ్యాలి? ఎందుకండీ ఈ డ్రామా!" అన్నాడు.

ఆ మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే శాంతిరాజు లేచాడు. పేరుకు తగ్గట్టు చీమకు కూడా దారి ఇచ్చే మనిషి. కూర్చున్న కుర్చీనే ఎత్తి విసిరాడు. అది రవికాంత్ భుజానికి తగిలింది. అతని స్నేహితులు ముగ్గురు ఆయన మీద పడ్డారు. ఒకడు జుట్టు పట్టుకుని వంచితే ఇంకొకడు మోకాలితో ముఖం మీద కొట్టాడు. రాజనర్సయ్య అడ్డం వెళ్తే అతని చొక్కా చీలికలైంది. కుర్చీలు విరిగాయి, ఎవరో ఆడపిల్ల కేకలు పెట్టింది. విడదీసేసరికి శాంతిరాజు పై పెదవి రెండుగా చీలి, పన్నొకటి చేతిలోకి వచ్చింది.

కృష్ణమోహన్ ఆయాసపడుతూ వేలు చూపించాడు. "మీటింగు అయిపోయింది. ఏ తీర్మానమూ లేదు. పర్మిషన్ లేకుండా రోడ్డు మీద ఇటుక ముక్క పెట్టినా కేసు పెడతాను."

ఆ వచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక తల్లీకూతుళ్ళు ఇంటికి వస్తున్నారు. ఇద్దరూ తెల్లబట్టల్లో ఉన్నారు. పెదవి కుట్లతో శాంతిరాజు మాత్ర మింగి ఇంట్లోనే పడుకున్నాడు. గేటు ఇంకా పది అడుగులుందనగా వెనక మోత వినబడింది. జీవమణి గోడకు అతుక్కుంది. ఒలీవియాను చెయ్యి పట్టి లాగింది, కానీ అరక్షణం ఆలస్యమైంది. ఎర్ర కారు పక్క అద్దం పిల్ల మోచేతిని కొట్టింది. మళ్ళీ అదే చప్పుడు, కట్టె విరిగినట్టు. ఒలీవియా గుండ్రంగా తిరిగి కింద పడింది. కారు ఆగలేదు. మలుపు తిరిగి పోయింది.

జీవమణి పిల్లను లేపి, వేలాడుతున్న చేతిని తన పైట కొంగు చింపి కట్టి, వచ్చిన కమలకుమారిగారికి అప్పగించింది. "పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకెళ్ళండి టీచరుగారూ. నేను తర్వాత వస్తాను."

"నువ్వు రావా? తల్లివి నువ్వు!"

"నాకు పనుంది."

పక్కన కడుతున్న ఇంటి దగ్గర ఇసక కుప్పలో గడ్డపార దిగేసి ఉంది. పెరికి తెచ్చింది. రోషన్ పడిన చోటికి కొంచెం ఇవతల, కృష్ణమోహన్ ఇంటికి మంజీరా నీళ్ళ పైపు వేయడానికి రోడ్డు అడ్డంగా కోసి, మట్టి కప్పి, పైపైన తారు పూసిన చార ఉంది. ఆ చార మీద మొదటి దెబ్బ వేసింది. తారు పెచ్చు లేచింది. రెండో దెబ్బకు మట్టి లేచింది. ఆ తర్వాత ఆగలేదు. తెల్లచీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, పళ్ళు కొరుకుతూ, ప్రతి దెబ్బకూ గొంతులోంచి ఏదో మూలుగు వస్తుండగా పొడుస్తూనే ఉంది. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. గడ్డపారకు నెత్తురు అంటింది. చప్పుడు విని శాంతిరాజు వచ్చాడు. పార తెచ్చి మట్టి ఎత్తి పోయసాగాడు. రాజనర్సయ్య ఇస్త్రీ బండి కింది నుంచి షాబాద్ బండ ఒకటి ఈడ్చుకొచ్చి గోడవారగా, తవ్విన చోటి మీద పరిచాడు. "నడిసేటోళ్ళకు, సైకిళ్ళకు దారుండాలె గదక్కా. పైపు జర పైలం."

జానెడు లోతు గాడి అయింది. ఆటో అయితే మెల్లగా దిగి ఎక్కుతుంది. నేలను నాకుతూ పోయే కారు దాటలేదు.

ఎర్ర కారు తిరిగి వచ్చింది. గాడి అంచున కీచుమని ఆగింది. రవికాంత్ దిగి తలుపు ధడాలున వేశాడు.

"ఆంటీ, మీకేమైనా పిచ్చా? రోడ్డు తవ్వుతారా? ఇప్పుడే ఫోన్ చేసి ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపిస్తా మిమ్మల్ని!"

"పంపించు నాయనా. నడిచే వెళ్తాను."

అతను మట్టికుప్పను కాలితో గాడిలోకి తోయబోయాడు. శాంతిరాజు అడ్డం నిలబడ్డాడు. రవికాంత్ ఆయన్ను ఛాతీ మీద గుద్దాడు. ఆయన వెనక్కి పడితే కుట్లు తెగి, మళ్ళీ నోరంతా ఎర్రనైంది. జీవమణి గడ్డపార ఎత్తింది. మొదట కొత్త లైటు మీద వేసింది. అద్దం పొడి పొడిగా రాలింది. రెండో దెబ్బకు ముందు బానెట్ లోపలికి పోయింది. మూడోసారి ఎత్తినప్పుడు గడ్డపార మొన రవికాంత్ తలకు సూటిగా ఉంది. అతను కదల్లేకపోయాడు. నోరు తెరుచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గల్లీ మొత్తం కిటికీల్లో, మేడల మీద బిగుసుకుపోయింది.

"అక్కా! వొద్దక్కా!" అన్నాడు రాజనర్సయ్య.

గడ్డపార దిగింది. అతని బూట్ల ముందు, బెత్తెడు దూరంలో, రోడ్డులోకి దిగబడి కంపిస్తూ నిలబడిపోయింది.

"లైటు చూసుకో" అంది జీవమణి. "వంగి చూసుకో, ఎంత పగిలిందో. అంతేగా నీకు కావాల్సింది." ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "నిన్ను క్షమించానని దేవుడి దగ్గర చెప్పాను, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ దేవుడు ఈ రోడ్డు దాటి కాలేజీకి వెళ్ళడు. నా కూతురు వెళ్తుంది."

రవికాంత్ వంగలేదు. కారు వెనక్కి తీసుకుని పోయాడు.

పోలీసులు వచ్చారు, కృష్ణమోహన్ కేకలు వేశాడు. శాంతిరాజు నోరు, ఆసుపత్రి నుంచి వచ్చిన ఒలీవియా చేతి కట్టు చూసి, ఎటు రాయాలో తెలియక వాళ్ళు నసిగారు. కమలకుమారిగారు గాడి పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "ముందు నా సాక్ష్యం రాసుకోండి బాబూ. ఈసారి కారు పిల్లను కొట్టిపోవడం నేను మేడ మీది నుంచి చూశాను" అన్నారు. సాయంత్రం దాకా గల్లీలో ఆ రచ్చే. అంతా సద్దుమణిగాక కృష్ణమోహన్ గాడి అవతల నిలబడి, కాస్త దిగివచ్చిన గొంతుతో అన్నాడు.

"ఏమ్మా జీవమణీ, మీరు తవ్వారు, మీరే పూడ్చేయండి. ఆ మట్టి ఊడ్చేసి శుభ్రం చేస్తే ఇక్కడితో వదిలేద్దాం. ఇంటి ముందు చెత్త మీరు ఎప్పుడూ ఉంచుకోరు కదా."

ఆమె ఒలీవియాను నడిపించుకుంటూ గేటు లోపలికి వెళ్ళింది.

మర్నాడు తెల్లవారుతుండగా గుడ్డలు చుట్టిన చేతులతో చీపురు పట్టుకుంది. గేటు ముందు ఊడ్చింది. రాలిన వేపాకులు ఎత్తింది. ఊడ్చుకుంటూ మట్టికుప్ప అంచుదాకా వచ్చి ఆగింది. గాడిలో తడిమట్టి నల్లగా ఉంది. చుట్టూ తారు పెచ్చులు, పగిలిన లైటు గాజు మెరుస్తున్నాయి. దూరంగా మలుపు దగ్గర ఒక మోత మొదలై, దగ్గరకొచ్చి, తగ్గి, వెనక్కి మళ్ళింది.

గాజు ముక్కల్ని మాత్రం చెప్పులు లేని వాళ్ళ కాళ్ళకు గుచ్చుకోకుండా ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. మట్టిని ముట్టుకోలేదు. పార గోడకు ఆనించి ఉంటే దాని పక్కనే చీపురు కూడా ఆనించింది. షాబాద్ బండ మీదుగా గాడి దాటి, పాలు తేవడానికి రోడ్డు మధ్యన నడుచుకుంటూ వెళ్ళింది.